మెక్‌లారిన్ కుర్చీ ఎక్కడ వేశారు?



పోయిన ఆదివారం రాత్రి పది దాటాక మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. అంత రాత్రప్పుడు ఫోన్ వస్తే మన ఇళ్లలో ముందు గుండె ఝల్లుమంటుంది. ఎవరికేమైందోనని ఎత్తాను. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లకి ఎం.ఎడ్.లో సీటు వచ్చింది. ఒకటి కాదు, రెండు చోట్ల.

"పెదనాన్నా, శనివారం లోపు ఫీజు కట్టాలంట. ఏ కాలేజీలో చేరమంటావు?"

ఆ అమ్మాయి బీఈడీ చేసి మూడేళ్లుగా ఒక గురుకులంలో గెస్ట్ టీచర్‌గా చేస్తోంది. పాఠ్యప్రణాళిక, పాఠశాల పర్యవేక్షణ ప్రత్యేక అంశాలుగా ఎం.ఎడ్. చేయాలని దాని కోరిక. "పాఠం చెప్పడం నాకు వచ్చు పెదనాన్నా. ఆ పాఠం ఎవరు రాస్తున్నారో, నేను చెప్పేది సరిగా ఉందో లేదో ఎవరు చూస్తున్నారో, అక్కడికి పోవాలి" అంది. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు.

సీటు వచ్చిన రెండింటిలో ఒకటి ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రైవేటు కాలేజీ. వాళ్లే ఫోన్ చేసి చెప్పారట: "మేడమ్, మీరు రానక్కర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం, పరీక్షలకి వస్తే చాలు." దానికి వేరే రేటు. మన భాషలో నాన్ అటెండింగ్. రెండోది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. రాత్రంతా రైలు ప్రయాణం. హాస్టల్లో ఉండాలి, ఉద్యోగం మానాలి. మా తమ్ముడికి మోకాళ్లు పోయాయి, పొలం పనికి పోలేడు. ఆ ఇల్లు నడిచేది పిల్ల జీతం మీదే.

చెప్పండి, ఏ కాలేజీలో చేరమంటారు?

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "రెండు రోజులు ఆగు తల్లీ" అన్నాను. ఆ రెండు రోజులూ నా తలలో తిరిగిందే ఈ భాగం.

*

ముందు నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి.

నేను మూడో తరగతి చదివేటప్పటికి మండలాలు లేవు, సమితులు ఉండేవి. ఏడాదికి ఒకసారి డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ గారు మా బడికి తనిఖీకి వచ్చేవాడు. వారం ముందే కబురు వచ్చేది. ఆ వారమంతా మా వాడ పిల్లలకి చేతినిండా పని. బడి ముందు చెత్త ఊడ్చాలి, పేడ తెచ్చి అలకాలి, మామిడాకులు కోసుకురావాలి. తోరణం కట్టేది మాత్రం ఊళ్లో పిల్లలు.

తనిఖీ రోజు మాస్టారు ముందు వరసలో ఎవరు కూర్చోవాలో, ఎవరు లేచి చదవాలో ముందే చెప్పి ఉంచేవాడు. మేం గోడ పక్కన. ఇన్‌స్పెక్టర్ గారు ముందు వరసలో ముగ్గుర్ని లేపి చదివించేవాడు. బాగా చదివేవాళ్లు, చదవరా మరి, ఆ పేజీనే పదిరోజుల నుంచి బట్టీ పడుతుంటే. ఆయన రిజిస్టర్లో ఏదో రాసి సంతకం పెట్టి, అరుగు మీద కొబ్బరి నీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. ఆ ఏడాది మా వాడ నుంచి చేరిన వాళ్లలో సగం మంది మధ్యలోనే మానేశారు. ఆ సంగతి ఆయన రిజిస్టర్లో ఉండి ఉండదు. గోడ దాకా ఆయన ఎప్పుడూ నడవలేదు.

నేను ఆ మనిషిని తిట్టడం లేదు. ఆయన చెడ్డవాడని కూడా అనుకోను. ఎటు చూడాలో ఆయనకి నేర్పిన వాళ్లు అటే చూడటం నేర్పారు. పర్యవేక్షణ అనే ఉద్యోగంలో ఉన్న అసలు విషయం అది. చూసేవాడు ఎక్కడ నేర్చుకున్నాడు, ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు అన్నదాన్ని బట్టి వాడి చూపు ఎంత దూరం పోతుందో తేలుతుంది.

*

ఈ దేశంలో బడుల తనిఖీ వ్యవస్థకి పునాది 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్. ప్రతి ప్రావిన్సులో విద్యాశాఖ పెట్టాలి, ఇన్‌స్పెక్టర్లని నియమించాలి అని అందులో ఉంది. సర్కారు బడి అందరిదీ అని కాగితం మీద చెప్పుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 1856లో, ధార్వాడలో ఒక మహర్ పిల్లవాడు ఆ మాటని పరీక్ష పెట్టాడు. సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ ఒక్కడిని చేర్చుకుంటే మిగతా పిల్లలంతా వెళ్లిపోతారని దాని భయం. బడి ఉంది, శాఖ ఉంది, ఇన్‌స్పెక్టర్లున్నారు. పిల్లవాడు గుమ్మం బయట ఉన్నాడు.

1882లో హంటర్ కమిషన్ వచ్చినప్పుడు జోతిబా ఫూలే ఇచ్చిన వినతిపత్రం మనలో చాలామందికి పేరుగా తెలుసు. అందరికీ పన్నెండేళ్ల వరకు నిర్బంధ ప్రాథమిక విద్య అడిగాడని చెప్పుకుంటాం. కానీ ఆ పత్రంలో పర్యవేక్షణ గురించి ఆయన ఏం రాశాడో ఎంతమంది చదివారు? మా పిల్ల చదవబోయే సబ్జెక్టు మీద ఈ దేశంలో కింది కులాల వైపు నుంచి వచ్చిన తొలి పాఠాల్లో అది ఒకటి.

ఆయన చెప్పినవి చూడండి. డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి వచ్చి పోతే ఒరిగేదేమీ లేదు. కనీసం మూడు నెలలకోసారి తనిఖీ జరగాలి. కబురు చెప్పకుండా కూడా రావాలి. ఊరి అధికారుల చేతిలో పెట్టి ఊరుకుంటే లాభం లేదు, వాళ్లకి ఉన్న పనులే వాళ్లకి ఎక్కువ. పంతుళ్లు దాదాపు అంతా బ్రాహ్మణులు, వాళ్లలో శిక్షణ పొందినవాళ్లు కొద్దిమందే, జీతం 10 రూపాయలు దాటడం అరుదు. కాబట్టి సేద్యం చేసే కులాల నుంచే పంతుళ్లని తయారు చేయాలి, వాళ్లయితే పిల్లలతో కలిసిపోతారు. పాఠ్యపుస్తకాలు బతుక్కి పనికొచ్చేలా తిరగరాయాలి. లెక్కలు, చరిత్ర, భూగోళంతో పాటు వ్యవసాయం, ఆరోగ్య సూత్రాలు కూడా నేర్పాలి.

మహర్, మాంగ్ పిల్లల గురించి కూడా రాశాడు. పైకులాల పిల్లల పక్కన కూర్చోనివ్వరు గనక వాళ్లు బడులన్నిటికీ దూరంగా ఉన్నారని, వాళ్ల కోసం పెట్టిన ప్రత్యేక బడులు పెద్ద పట్టణాల్లోనే ఉన్నాయని, పూనాలో ఆ కులాల జనం 5,000 దాటి ఉంటే ఉన్నది ఒకే ఒక్క బడి అని, అందులో పిల్లలు 30 మంది కూడా లేరని లెక్క చెప్పాడు.

మిత్రులారా, ఫూలే దగ్గర ఎం.ఎడ్. పట్టా లేదు. అయినా పాఠ్యప్రణాళిక, ఉపాధ్యాయ శిక్షణ, తనిఖీ మూడూ ఒకే తాడుకి మూడు పోగులని ఆయనకి తెలుసు. ఇన్‌స్పెక్టర్ చూడని పిల్లల్ని లెక్కపెట్టి మరీ చూపించాడు.

*

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోతాను, అమెరికాకి. ఎందుకంటే విద్యలో పై డిగ్రీ కోసం ఒక మనిషి కాలేజీని ఎంచుకుంటే, ఆ ఎంపిక ఒక దేశపు సుప్రీంకోర్టు దాకా పోయిన కథ అక్కడ ఉంది. మన కథకి అది మేనత్త కూతురు లాంటిది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల బడులు వేరు, తెల్ల పిల్లల బడులు వేరు. నల్ల పిల్లల పల్లెటూరి బడులని పట్టించుకునే నాథుడు ఉండేవాడు కాదు. 1907లో ఫిలడెల్ఫియాకి చెందిన అన్నా జీన్స్ అనే క్వేకర్ మహిళ ఆ బడుల కోసం పది లక్షల డాలర్లు ఇచ్చింది. మరుసటి ఏడాది వర్జీనియా రాష్ట్రం హెన్రైకో కౌంటీలో వర్జీనియా రాండాల్ఫ్ అనే నల్లజాతి టీచర్ ఆ నిధి కింద మొదటి పర్యవేక్షకురాలు అయింది. ఆమె ఒక్క బడిలో పాఠం చెప్పి ఊరుకోలేదు. కౌంటీలోని నల్ల పిల్లల బడులన్నీ తిరిగింది. ఆమె తర్వాత అలాంటి వాళ్లు వందల మంది వచ్చారు. వాళ్లని జీన్స్ టీచర్లు, జీన్స్ సూపర్‌వైజర్లు అని పిలిచేవారు. ఎక్కువమంది ఆడవాళ్లే. 1968 దాకా ఆ పని సాగింది. పంతుళ్లకి పాఠం ఎలా చెప్పాలో చూపించడం, బడికి చందాలు పోగుచేయడం, పిల్లల ఆరోగ్యం చూడటం, అమ్మానాన్నల్ని కూడగట్టడం, అన్నీ వాళ్లే. మా ఇన్‌స్పెక్టర్ గారు నడవని గోడ దాకా నడిచిన పర్యవేక్షకులు వీళ్లు.

మరి వీళ్లలో ఎవరైనా పై చదువుకి పోవాలంటే? సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయం గేటు మూసి ఉంటుంది. నల్లవాళ్ల కోసం పెట్టిన కాలేజీల్లో ఆ చదువు చాలాచోట్ల లేదు. దానికి చాలా రాష్ట్రాలు ఒక తెలివైన ఉపాయం కనిపెట్టాయి. "మా దగ్గర వద్దు, బయట రాష్ట్రానికి వెళ్లి చదువుకో, ఫీజు మేమిస్తాం" అన్నాయి. తలుపు తెరవడం కంటే రైలు ఛార్జీ ఇవ్వడం చౌక అనుకున్నాయి. అలా దక్షిణాది నల్లజాతి టీచర్లు చాలామంది వేసవి సెలవుల్లో న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో చదువుకునేవారు.

కొలంబియా అనగానే మీకు ఎవరు గుర్తొస్తారో నాకు తెలుసు. 1913లో బరోడా స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ అడుగుపెట్టిన చోటది. సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని, ప్యూను పోస్తే తప్ప నీళ్లు తాగలేని పిల్లవాడు, అక్కడ జాన్ డ్యూయీ క్లాసులో అందరితో పాటు కూర్చున్నాడు. ఆ తర్వాత జీవితమంతా ఆయన డ్యూయీని గుర్తుచేసుకున్నాడు. ఒక మంచి కాలేజీ ఏం చేస్తుందో మనకి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ "బయటికి పో, ఫీజు ఇస్తాం" అనే ఉపాయాన్ని 1938లో లాయిడ్ గెయిన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. అది లా చదువు కోసం వేసిన కేసు. తెల్లవాళ్లకి రాష్ట్రంలోనే చదువు పెట్టినప్పుడు నల్లవాళ్లకి కూడా రాష్ట్రంలోనే పెట్టాలంది. గేటు కొంచెం కదిలింది. ఇక మన కథానాయకుడు వస్తాడు.

*

ఆయన పేరు జార్జ్ మెక్‌లారిన్. ఓక్లహోమా రాష్ట్రంలో నల్లజాతి వాళ్ల కోసం పెట్టిన లాంగ్‌స్టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుడు. అప్పటికే మాస్టర్స్ డిగ్రీ ఉంది. విద్యాశాస్త్రంలో డాక్టరేట్ చేయాలనుకున్నాడు. 1948లో నార్మన్ పట్టణంలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాడు.

ఆ రాష్ట్రంలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే బడిలో చదవడం నేరం. నడిపినవాడిదీ నేరమే, పాఠం చెప్పినవాడిదీ నేరమే, కూర్చుని విన్నవాడిదీ నేరమే. దరఖాస్తు తిరగ్గొట్టారు. ఆయన కోర్టుకి పోయాడు. ఫెడరల్ కోర్టు ఆయన వైపు చెప్పడంతో ఆ ఏడాది అక్టోబర్‌లో చేర్చుకోక తప్పలేదు. అప్పుడు శాసనసభ చట్టాన్ని సవరించింది. నల్లవాళ్ల కాలేజీల్లో లేని చదువైతే ఇక్కడ చేర్చుకోవచ్చు, కానీ వేరుగా ఉంచి చెప్పాలి అని.

వేరుగా అంటే ఎలా? జాగ్రత్తగా చదవండి. ఇది మనకి తెలిసిన కథే.

క్లాసు రూములో ఆయనకి చోటు లేదు. పక్కనే ఉన్న చిన్న గదిలో ఒక బల్ల వేశారు. అక్కణ్ణుంచి పాఠం వినాలి. లైబ్రరీలో మామూలు చదువుకునే హాలులో కూర్చోకూడదు, మిద్దె మీద మధ్య అంతస్తులో ఆయనకని ఒక బల్ల వేశారు. క్యాంటీన్లో ఆయనకొక బల్ల, ఆయనకొక వేళ. మిగతావాళ్లు తిన్న వేళలో తినకూడదు.

ఆయన మళ్లీ కోర్టుకి పోయాడు. కింది కోర్టు ఇందులో తప్పేం లేదంది. కేసు సుప్రీంకోర్టుకి పోయేలోపు విశ్వవిద్యాలయం ఏర్పాట్లు మార్చుకుంటూ పోయింది. కొన్నాళ్లు క్లాసులోనే ఒక పక్క కంచెలాగా కర్ర అడ్డం పెట్టి, ఇది నల్లవాళ్లకి అని బోర్డు తగిలించారు. తర్వాత బోర్డు తీసేశారు, కర్ర తీసేశారు, నల్ల విద్యార్థుల కోసం ఒక వరస కేటాయించారు. లైబ్రరీలో మిద్దె మీద నుంచి కింది హాలుకి దించారు, కానీ బల్ల మాత్రం వేరే. క్యాంటీన్లో అందరితో ఒకే వేళకి తినొచ్చన్నారు, బల్ల మాత్రం వేరే.

"అదే మాస్టారు, అవే పుస్తకాలు, అదే డిగ్రీ. కుర్చీ ఎక్కడుంటే ఏం?" రాష్ట్రం వాదన సారాంశం ఇది. ఈ వాదన మనం వినలేదా? మా ఊరి హోటల్లో టీ ఒకటే కదా, గ్లాసు వేరైతే ఏమైంది అన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

మెక్‌లారిన్ తరఫున నిలబడింది నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి., దాని న్యాయవాదులకి నాయకుడు తర్వాత అదే సుప్రీంకోర్టులో జడ్జి అయిన తర్‌గుడ్ మార్షల్. 1950 జూన్ 5న తీర్పు వచ్చింది. జడ్జీలంతా ఒకే మాట మీద ఉన్నారు. ప్రధాన న్యాయమూర్తి ఫ్రెడ్ విన్సన్ రాసిన తీర్పు అది. అందులో మూడు మాటలు నా మనసులో ఉండిపోయాయి. నా మాటల్లో చెప్తాను.

ఒకటి, ఈ ఏర్పాట్లు ఆయన్ని తోటి విద్యార్థుల నుంచి విడదీస్తున్నాయి. మాట్లాడుకోవడం, వాదించుకోవడం, ఒకరి ఆలోచన ఒకరు వినడం కూడా చదువే. అది లేకపోతే వృత్తి నేర్చుకోవడం కుంటుపడుతుంది.

రెండు, అడ్డు తీసేసినా తోటివాళ్లు ఆయనతో కలవకపోవచ్చు కదా అంటే, అది వేరు, ఇది వేరు. మనుషులు తమంతట తాము కలవకపోవడం ఒకటి. కలవకుండా ప్రభుత్వమే గీత గీయడం మరొకటి.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఈయన చదువుతున్నది విద్యాశాస్త్రంలో పై డిగ్రీ. అంటే రేపు ఇతరులకి దారి చూపేవాడు, శిక్షణ ఇచ్చేవాడు అవుతాడు. ఈయన చదువులో ఎంత లోటు ఉంటే, ఈయన చేతి కిందికి వచ్చే వాళ్ల చదువులోనూ అంత లోటు వస్తుంది.

ఈ మూడో మాట దగ్గర ఆగండి. పక్క గదిలో కూర్చోబెట్టింది ఒక్క మనిషిని కాదు. ఆయన దగ్గర నేర్చుకోబోయే టీచర్లని, ఆ టీచర్ల దగ్గర చదవబోయే పిల్లల్ని, అందరినీ కలిపి ఆ గదిలో కూర్చోబెట్టారు. నాలుగేళ్ల తర్వాత, 1954లో, బడుల్లో వేరుపెట్టడాన్నే కొట్టేసిన బ్రౌన్ తీర్పు ఈ కేసుని తలుచుకునే ముందుకి పోయింది.

ఈ తీర్పుకి నాలుగేళ్ల ముందు, 1946లో, బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. మీ వాళ్ల స్థితికీ మా వాళ్ల స్థితికీ చాలా పోలిక ఉందన్నాడు. ఆ పోలిక పక్క గదిలో వేసిన బల్ల దాకా ఉంది.

*

ఇప్పుడు మా పిల్ల దగ్గరికి వస్తాను.

బుధవారం నేనే ఫోన్ చేశాను. మెక్‌లారిన్ కథ అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "కథ బాగుంది పెదనాన్నా, నన్నెవరూ పక్క గదిలో కూర్చోబెట్టట్లేదుగా. రావద్దనే అంటున్నారు" అంది.

"అదేనమ్మా" అన్నాను. "ఆయనకి పక్క గదిలోనైనా బల్ల వేశారు. నీకు అది కూడా వేయట్లేదు. దానికి నీ దగ్గరే డబ్బు తీసుకుంటున్నారు."

ఎన్.సి.టి.ఇ. 2014 నిబంధనల ప్రకారం ఎం.ఎడ్. రెండేళ్ల చదువు. ఏడాదికి కనీసం 200 పనిదినాలు. థియరీకి 80 శాతం హాజరు, క్షేత్ర అనుభవానికి 90 శాతం హాజరు ఉండాలి. ఎందుకు పెట్టారు ఆ నిబంధన? బడికి వెళ్లి ఒక టీచర్ పాఠం చెప్తుంటే వెనక కూర్చుని చూడటం, ఏ పిల్లవాడు వింటున్నాడు, ఎవడు వినట్లేదు, ఎందుకు వినట్లేదు అని రాసుకోవడం, తర్వాత ఆ టీచర్‌తో నొప్పించకుండా మాట్లాడటం, ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. నాన్ అటెండింగ్‌లో చేరితే కాగితం వస్తుంది. ఆ కాగితంతో రేపు డైట్ కాలేజీలో లెక్చరర్ పోస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వస్తే, నీ చేతి కిందికి ఏడాదికి యాభై మంది కాబోయే టీచర్లు వస్తారు. వాళ్లలో ఎక్కువమంది పోయేది ఎక్కడికి? మన పిల్లలు చదివే సర్కారు బడులకే. ప్రైవేటు బడికి ఫీజు కట్టగలిగిన వాడి కొడుక్కి ఈ లోటు తగలదు. తగిలేది మళ్లీ గోడ పక్కన కూర్చున్నవాడికే.

1927లో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ ఒక లెక్క చెప్పాడు. ప్రాథమిక బడిలో చేరిన ప్రతి వంద మందిలో నాలుగో తరగతి దాకా చేరేది 18 మందే, మిగతా 82 మంది మళ్లీ చదువురాని వాళ్లయిపోతున్నారని. బడిలో పేరు రాయించడంతో ఆయన తృప్తి పడలేదు. ఎవరు మిగిలారు అని అడిగాడు. పర్యవేక్షణ అంటే అదే ప్రశ్న. ఆ ప్రశ్న అడగడం రాని వాళ్లకి పర్యవేక్షకుల పట్టాలు అమ్మే దుకాణాలు ఊరికొకటి వెలిశాయి.

అలాగని ప్రభుత్వ విశ్వవిద్యాలయం అంటే స్వర్గమని పిల్లకి అబద్ధం చెప్పలేదు. 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ మీద ఇచ్చిన నివేదిక చదవండి. దేశంలో అన్నిటికంటే పేరున్న వైద్య కళాశాలలో మన పిల్లలు హాస్టల్లో, మెస్సులో, ఆటల్లో వేరుపడి ఎలా బతికారో అందులో ఉంది. అక్కడ బోర్డు లేదు, కర్ర అడ్డం లేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. అంతకు ముందు హాస్టల్ నుంచి గెంటేస్తే ఆ పిల్లలు క్యాంపస్‌లోనే వెలివాడ కట్టుకుని బయట పడుకున్నారు. కాబట్టి గేటు పైన పేరు చూసి మురిసిపోవద్దు. లోపల నీ కుర్చీ ఎక్కడ వేస్తారో అడుగు అన్నాను.

"ఎవర్ని అడగాలి? ఏమని అడగాలి?" అంది. ఇద్దరం కలిసి రాసుకున్నాం. మీ ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు గనక ఇక్కడ పెడుతున్నాను.

ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? ఉత్తర్వు కాపీ చూపిస్తారా?

ఎం.ఎడ్. చెప్పే అధ్యాపకులు నిజంగా కాలేజీకి వస్తారా, లేక పేర్లు గోడ మీదేనా? పాఠ్యప్రణాళిక మీద, విద్యా పాలన మీద పని చేసినవాళ్లు వాళ్లలో ఉన్నారా?

క్షేత్ర అనుభవానికి ఏ బడులకి పంపుతారు? సర్కారు బడులకి, గురుకులాలకి, తండాలకి పంపుతారా? మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో, అది 1963 నుంచి ఎన్.సి.ఇ.ఆర్.టి. కింద దక్షిణ రాష్ట్రాల కోసం నడుస్తోంది, ఆవరణలోనే ఒక బడి ఉంది. నేర్చుకునేవాళ్లకి ఎదురుగా పిల్లలు ఉంటారు. అలాంటి సౌకర్యం ఇక్కడేముంది?

పోయిన మూడేళ్లలో చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఎంతమంది పూర్తి చేశారు? మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? ఈ ప్రశ్నకి ఆఫీసులో జవాబు దొరకదు. సీనియర్లని అడగాలి.

2012 యూజీసీ నిబంధనలు చెప్పిన సమాన అవకాశాల విభాగం ఉందా? ఫిర్యాదు తీసుకునే అధికారి పేరు, గది ఎక్కడ? చెప్పలేకపోతే అది కాగితం మీదే ఉందని అర్థం.

డిసర్టేషన్‌కి గైడ్‌ని ఎలా ఇస్తారు? మన బడుల మీద, మన పిల్లల మీద పరిశోధన చేస్తానంటే ఒప్పుకుంటారా, లేక "కులం ఎందుకమ్మా, వేరే టాపిక్ చూసుకో" అంటారా?

స్కాలర్‌షిప్ ఆలస్యమైతే పరీక్ష రాయనిస్తారా? మెస్ బిల్లుకి సర్టిఫికెట్లు పట్టి ఉంచుతారా?

ఈ ప్రశ్నలు రాస్తుంటే పిల్ల మధ్యలో ఆగి ఒక మాట అంది: "పెదనాన్నా, ఇవన్నీ అడిగితే నేను తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌లా ఉంటాను." "ఉండు" అన్నాను.

*

మిగిలింది డబ్బు. ఇక్కడ నీతులు చెప్పడం తేలిక. మెక్‌లారిన్ ఉద్యోగం చేసి రిటైరైనవాడు. మా పిల్ల జీతం ఆగితే మా తమ్ముడి ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. పేదవాడికి ఈ దేశంలో నాన్ అటెండింగ్ ఎందుకు కావాల్సి వస్తోందో నాకు తెలుసు. మోసం చేద్దామని కాదు, కూలి పోగొట్టుకోలేక. అందుకే అలా చదివిన మన పిల్లల్ని నేను వేలెత్తి చూపించను. వాళ్ల అవసరాన్ని సరుకు చేసి అమ్ముతున్న వాళ్లనీ, చూసి కూడా చూడనట్టు సంతకం పెట్టే వాళ్లనీ చూపిస్తాను. ఆ కాలేజీలకి కూడా ఏడాదికోసారి తనిఖీ బృందం వస్తుంది. ఆ రోజు కుర్చీల్లో మనుషులు ఉంటారు. ముందు వరసలో ఎవరు కూర్చోవాలో ముందే చెప్పి ఉంచుతారు.

శుక్రవారం మా ఇంట్లో నలుగురం కూర్చున్నాం. నేను, మా ఆవిడ, మా తమ్ముడు, మా మేనల్లుడు. నేను నెలకి 5,000 ఇస్తానన్నాను. మేనల్లుడు 4,000 అన్నాడు. మా ఆవిడ డ్వాక్రా సంఘంలో లోన్ అడుగుతానంది. మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "రెండేళ్లే కదా" అని లేచాడు. గేదెని అమ్ముతాడని నాకు తర్వాత తెలిసింది. నేను వద్దనలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం పిల్ల విశ్వవిద్యాలయానికి ఫీజు కట్టింది. రసీదు ఫొటో నాకు పంపింది. కింద ఒక మెసేజ్: "చేరాక మొదటి రోజు ఎక్కడ కూర్చున్నానో చెప్తా పెదనాన్నా."

ఆ మెసేజ్ కోసం ఎదురుచూస్తున్నాను.

మీకు తెలిసిన ఎం.ఎడ్. కాలేజీల్లో పై ప్రశ్నలకి జవాబులు ఎలా ఉన్నాయో కింద రాయండి. ఈ ఏడాది చేరబోయే ఇంకో నలుగురు పిల్లలకి పనికొస్తాయి. వచ్చే భాగంలో ధార్వాడ పిల్లవాడి అర్జీ గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్. జై సావిత్రీబాయి.